నమ్మకానికీ ఓ కాగితం

సాయంత్రం ఆరిన బట్టలు తీయడానికి డాబా ఎక్కానంటే చాలు, మా పాప నా వెనకాలే వచ్చేస్తుంది. శంషాబాద్‌లో ఉండేవాళ్ళకి విమానం వింతేమీ కాదు. నెత్తిమీద నుంచి పోతున్నా ఎవరూ తలెత్తి చూడరు. మా పాప మాత్రం ప్రతి విమానానికీ చెయ్యి ఊపుతుంది. అందులో వెళ్ళేవాళ్ళంతా తననే చూస్తున్నారని దాని నమ్మకం.

ఆ విమానాశ్రయమూ, మా పాపా ఒకే ఏడాదివాళ్ళు. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి ఇటు తరలివచ్చాయి. ఆ శ్రావణంలో పాప పుట్టింది. ఎకరాల్లో మాట్లాడుకునే మా ఊరు గజాల్లో మాట్లాడుకోవడం నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. ఊరు పెరిగినంత వేగంగా మా పాప ఎదగలేదు. మేధో వైకల్యం అని రెండో ఏట డాక్టర్లు చెప్పారు. ఇప్పుడు తన బట్టలు తను మడత పెట్టుకుంటుంది. పాలు పొంగకుండా కాపలా కాస్తుంది. కానీ పది రూపాయల నోటుకీ, అయిదు వందల నోటుకీ తేడా తెలీదు. ఎవరు చెయ్యి చాపితే వాళ్ళకి ఇచ్చేస్తుంది.

ఈ శ్రావణానికి దానికి 18 నిండుతాయి. మనకి పిల్లలెప్పుడూ పిల్లలే. చట్టానికి అలా కాదు. 18 నిండిన మర్నాటి నుంచి తల్లిదండ్రులమైన మేము కూడా, ఆ పేరుతో, దాని తరఫున సంతకం పెట్టడానికి లేదు! ఈ మాట బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో తల్లిదండ్రులు కూర్చున్న చోట విన్నాను. 1984లో పెట్టిన ఆ జాతీయ సంస్థకి పాపని చిన్నప్పటి నుంచీ తీసుకెళ్తూనే ఉన్నాం. ఆ రాత్రి మావారికి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "వకీలును కలుద్దాం" అన్నారు.

ఎల్.బి. నగర్‌లో, రంగారెడ్డి జిల్లా కోర్టుల దగ్గర ఉన్న ఓ అడ్వకేటు మేడమ్ మూడు వారాల తర్వాత రమ్మన్నారు. ఆ మూడు వారాల్లో నేను నేర్చుకున్నది మీతో చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఇలాంటి పిల్లలున్న ఇళ్ళు మనలో తక్కువేం లేవు కదా!

ట్రస్టంటే గుడి కాదు

"ట్రస్టా? మనమేమైనా అనాథాశ్రమం పెడుతున్నామా?" అన్నారు మా అత్తమ్మ. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ట్రస్టనగానే గుళ్ళూ, సత్రాలూ, ధర్మాసుపత్రులే గుర్తొస్తాయి. అవి నలుగురి కోసం పెట్టేవి. ఒక ఇంటివాళ్ళు తమ మనిషి కోసం రాసుకునేది ప్రైవేటు ట్రస్టు. దానికి 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం ఉంది.

మా వీధిలో రిజిస్ట్రేషన్ల శాఖలో పనిచేసి రిటైరైన సారు ఒకరున్నారు. ఆయన తేలిగ్గా చెప్పారు. "నువ్వు ఊరికి పోతూ పక్కింటామెకు పైసలిచ్చి, మా బిడ్డకు రోజూ పాలు పోయించు అని చెప్తవు గదా? పైసలు ఆమె చేతిలున్నయి గానీ ఆమెయి కావు. గదే ట్రస్టు" అన్నారు. ఇచ్చేది నేను. పట్టుకునేది ట్రస్టీ. అనుభవించేది పాప. ఈ ముగ్గురూ ఎవరో, ఇస్తున్నదేమిటో, ఎందుకో స్పష్టంగా ఉండాలి. స్థిరాస్తి అయితే రాసి రిజిస్టరు చేయించాలి, లేదా వీలునామాలో రాయాలి. నోటిమాట చెల్లదు.

ఆయనే ఇంకో మాట అన్నారు. "వకీలు దగ్గరికి డాక్టరు దగ్గరికి పోయినట్టే పోవాలె బిడ్డా. నొప్పి ఏడుందో నువ్వే చెప్పాలె. ఇంట్ల తేల్చుకోవాల్సినయి ఇంట్లనే తేల్చుకొని పో."

అక్కడ మొదలైంది అసలు పని.

ఇంతకీ ప్లాటు ఎవరిది?

ట్రస్టులో పెట్టడానికి నాకున్నదల్లా నా పసుపు కుంకుమ ప్లాటు. 200 గజాలు. రోడ్డు వైపు రెండు మడిగెలు, వాటి మీద వచ్చే కిరాయి. నాయిన పాలు పోసి సంపాదించి 1990ల్లో కొన్నది. పెళ్ళి మాటల్లో "ఇది బిడ్డకి" అని పదిమందిలో చెప్పాడు. అప్పటి నుంచీ కిరాయి నా చేతికే వస్తోంది. కనుక ప్లాటు నాదే!

సారు కాగితాలు తెమ్మన్నారు. బీరువా తీసి చూస్తే ఉన్నది నాయిన కొన్నప్పటి దస్తావేజు జిరాక్సు ఒక్కటే. నా పేరున ఏమీ లేదు. ఇ.సి. తీయిస్తే అందులోనూ నాయిన పేరే. గుండె జారిపోయింది. స్థిరాస్తిని దానంగా ఇస్తే ఇద్దరు సాక్షులతో పత్రం రాసి రిజిస్టరు చెయ్యాలట. పదిమంది విన్నా, పదిహేడేళ్ళకి పైగా కిరాయి తీసుకున్నా అది నాదైనట్టు కాదట. ట్రస్టు మాట దేవుడెరుగు, ముందు నాది అయితే కదా నేను ఇంకొకరికి ఇచ్చేది!

అక్కలారా, చెల్లెళ్ళారా, ఒక్కమాట. మీ పసుపు కుంకుమ కాగితం ఇవాళే బీరువాలోంచి తీసి చూసుకోండి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా మన రాష్ట్రంలో 1985 నుంచీ (అప్పటికి పెళ్ళికానివాళ్ళకి), దేశమంతటా 2005 నుంచీ చట్టంలో ఉంది. కానీ తండ్రి నోటితో ఇచ్చిన ప్లాటు సంగతి వేరు. అది కాగితం మీదికి వస్తేనే మనది.

నాయినకి 74 ఏళ్ళు. అడగాలంటే నోరు రాలేదు. ఇచ్చినప్పుడు ఆ ప్లాటుకి పెద్ద ధర లేదు. ఇప్పుడు ఉంది. తమ్ముడేమనుకుంటాడు? వాడి భార్యేమనుకుంటుంది? రెండు రోజులు అన్నం సహించలేదు. చివరికి కొత్తూరు దగ్గర మా పల్లెకి పోయి, వంటింట్లో కాకుండా, అందరూ ఉండగా వాకిట్లోనే అడిగాను. తమ్ముడు కాసేపు నేల చూసి, "నాయిన ఇచ్చిందే కదక్కా, కొత్తగా ఇచ్చేదేముంది?" అన్నాడు. మరదలు మాత్రం ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి టీ తెచ్చింది. ఆ టీ తాగడం నాకెంత కష్టమైందో! కానీ పదిరోజుల్లో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దానపత్రం రిజిస్టరైంది. సాక్షి సంతకం పెట్టింది మా తమ్ముడే.

మా వైపు భూములకి ఇంకో చూపు కూడా అవసరం. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువుల రక్షణకని 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. దాని కింద ఉన్న 84 ఊళ్ళలో మా మండలం ఊళ్ళూ ఉన్నాయి. మీ సర్వే నంబరు ఆ ఊళ్ళలో ఉందా, లేదా అన్నది వకీలు అడగకముందే తెలుసుకుని వెళ్ళండి. సాగు భూమి అయితే పట్టాదారు పాసు పుస్తకం కూడా పట్టుకెళ్ళాలి.

"మా మీద నమ్మకం లేదా వదినా?"

నాయిన వైపు తేలింది. ఇక అత్తింటి వైపు. విషయం తెలియగానే మా మరిది వచ్చాడు. మంచివాడు. పాపని భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి. "వదినా, గివన్నీ ఎందుకు? ప్లాటు నా పేర రాయుండ్రి. బిడ్డను నేను చూసుకోనా? లేకుంటే జి.పి.ఏ. అన్న ఇయ్యుండ్రి" అన్నాడు. నేను ట్రస్టు సంగతి చెప్పగానే మొహం చిన్నబోయింది. "అంటే... మా మీద నమ్మకం లేదా?" అన్నాడు.

ఏం చెప్పను? అతని మీద నమ్మకం ఉంది. కానీ అతని పేర రాస్తే ప్లాటు అతనిదవుతుంది. అతను వ్యాపారంలో అప్పు పడితే అప్పులవాళ్ళు దాని మీదికి వస్తారు. అతని తర్వాత అతని పిల్లలదవుతుంది. వాళ్ళకి మా పాప ఎవరు? ఇక జి.పి.ఏ. సంగతి. మా ప్రాంతంలో ఆ మూడక్షరాలు తెలియనివాళ్ళు లేరు. జి.పి.ఏ. కాగితాల మీద జరిగే అమ్మకంతో యాజమాన్యం రాదని 2011లో సుప్రీం కోర్టు చెప్పేదాకా ఎన్ని ప్లాట్లు అలా చేతులు మారాయో! మామూలుగా పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిన మనిషి బతికున్నంత వరకే. నేను పోయిన రోజున అదీ పోతుంది. నాకు కావలసింది సరిగ్గా ఆ రోజు నుంచి పనిచేసే కాగితం!

ఇవన్నీ అతని మొహం మీద అనలేక, కథలు రాసుకునేదాన్ని కదా, ఓ కథ చెప్పాను. నిజంగా జరిగిన కథే.

1948 సెప్టెంబరులో, పోలీసు చర్య జరిగిన రోజుల్లో, లండన్ బ్యాంకులో ఉన్న నిజాం ప్రభుత్వం డబ్బు దాదాపు పది లక్షల పౌండ్లు అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ పేరు మీదికి మారింది. కొద్దిరోజులకే నిజాం ఆ డబ్బు వెనక్కి ఇమ్మన్నారు. బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. ఎవరి కోసం ఆ డబ్బు పట్టుకున్నట్టు? ఇదే తగువు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1967లో పోయారు. తగువు పోలేదు. 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు, అది నిజాం కోసం పట్టుకున్న డబ్బేనని, ఆయన వారసులకీ భారత ప్రభుత్వానికీ అనుకూలంగా తీర్పు చెప్పింది. అప్పటికి ఆ డబ్బు మూడున్నర కోట్ల పౌండ్లయింది. తేలడానికి 71 ఏళ్ళు పట్టింది!

అదే నిజాం తన నగలకి మాత్రం 1950ల మొదట్లోనే ట్రస్టు పత్రాలు రాయించారు. వాటి అమ్మకంలోనూ కోర్టులు తప్పలేదు. కానీ నగలు మాత్రం చెల్లాచెదురు కాలేదు. 1995లో కేంద్ర ప్రభుత్వం 173 నగలనూ సుమారు 218 కోట్లకి కొంది. 2001లో సాలార్జంగ్ మ్యూజియంలో పెడితే జనం బారులు తీరి చూశారు.

"అంత పెద్ద నవాబుకే నమ్మకం ఒక్కటీ సరిపోలేదు. మనమెంత?" అన్నాను. మరిది నవ్వలేదు. లేచి వెళ్ళిపోయాడు. వారం రోజులు ఇటు రాలేదు. అత్తమ్మ నాతో ముభావంగా ఉన్నారు. ఇల్లంతా బరువుగా ఉండేది. ఓ రాత్రి మావారితో "వద్దులెండి, మానేద్దాం" అని కూడా అనేశాను.

ఎనిమిదో రోజు పొద్దున్నే వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "వదినా, ఒకటి అడుగుత. నేను ట్రస్టీగ ఉంటా. మరి నేను పోయినంక ఎవరు?" అన్నాడు.

నేను రాసుకున్న పదిహేను ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు! వెంటనే పుస్తకం తెచ్చి మొదటి ప్రశ్నగా రాశాను.

పుస్తకంలో రాసుకున్న ప్రశ్నలు

ఇప్పుడు నా ప్రశ్నలు ఇలా తయారయ్యాయి. మీకూ పనికొస్తాయేమో చూడండి.

ట్రస్టీలు ఎంతమంది? మా మరిది, మా తమ్ముడు, ఇంకొకరు అనుకున్నాం. ఒకరికంటే ఎక్కువమంది ఉంటే, పత్రంలో వేరేగా రాస్తే తప్ప, అందరూ కలిసే చెయ్యాలని చట్టం. ముగ్గురికీ పొసగకపోతే? ఒకరు తప్పుకుంటే, పోతే, ఆ చోటికి ఎవరు రావాలో పత్రంలోనే రాయొచ్చా? ఇంకో సంగతి. ట్రస్టీగా ఉండమని ఎవరినీ బలవంతపెట్టలేం. ఒప్పుకున్నాక మాత్రం మధ్యలో ఊరికే వదిలేసి పోవడానికి లేదు. అందుకే అడిగి, ఆలోచించుకోమని వారం టైమివ్వాలి. జీతం కూడా పత్రంలో రాస్తేనే ఉంటుంది.

ఒకసారి రాశాక మార్చుకోవచ్చా? ఇది నన్ను భయపెట్టిన ప్రశ్న. వీలునామా అయితే బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ట్రస్టు అలా కాదు. రద్దు చేసే అధికారం నాకు ఉంచుకుంటున్నానని పత్రంలో రాయకపోతే, లబ్ధిదారు ఒప్పుకుంటేనే రద్దు. ఒప్పుకోవడానికి మా పాపకి చట్టప్రకారం ఆ శక్తి లేదు కదా! కనుక ఆ ఒక్క వాక్యం రాయాలా వద్దా, రాస్తే లాభమేమిటి, నష్టమేమిటి అన్నది ముందే అడగాలి.

పాప తర్వాత మిగిలింది ఎవరికి? ఈ ప్రశ్న సారు రాయించారు. "మిగిలిందంతా ట్రస్టీ పిల్లలకే అని రాస్తే, బిడ్డ మీద ఖర్చు పెట్టే చెయ్యి కొంచెం వెనక్కి లాగుతది. మనుషుల్ని అనుమానించుడు కాదు, అసొంటి పరీక్ష వాళ్ళకు పెట్టకుండ ఉండుడు" అన్నారు. ఎంత మంచి మాట!

సంరక్షకులు ఎవరు? ట్రస్టు డబ్బు చూస్తుంది. మనిషిని చూసేది సంరక్షకులు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టరు స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీ, 18 నిండిన ఇలాంటి పిల్లలకి చట్టబద్ధ సంరక్షకుల్ని నియమిస్తుంది. తల్లిదండ్రులే దరఖాస్తు పెట్టుకోవచ్చు. నియమించాక ఆరు నెలల్లోగా పిల్లల ఆస్తి చిట్టా ఇవ్వాలి, ఏటా లెక్క చూపాలి. ఆ నేషనల్ ట్రస్టు ప్రభుత్వానిది. మేం రాయబోయే ట్రస్టు మా ఇంటిది. పేరు ఒకటే కావడంతో నేను చాలా రోజులు తికమకపడ్డాను.

ఖర్చెంత? స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను, వకీలు ఫీజు, ఏటా లెక్కలు రాసే ఆడిటరు. ఎవరికెంతో ముందే తేల్చి రాసిన ట్రస్టుకీ, అంతా ట్రస్టీల విచక్షణకి వదిలేసిన దానికీ ఆదాయపు పన్ను పడే తీరు వేరు. రెండోదానికి మామూలుగా పైరేటే పడుతుంది. రెండు మడిగెల కిరాయిలో ఇవన్నీ పోగా పాపకేం మిగులుతుంది? అసలు మా అంత ఆస్తికి ఇప్పుడే ట్రస్టు కావాలా, వీలునామాలో ట్రస్టు రాస్తే చాలదా? ఈ మాట అడగడానికి మొహమాటపడకూడదని నిర్ణయించుకున్నాను.

బీమా మాట. మావారు కొత్తగా పాలసీ తీసుకోబోతున్నారు. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద భార్యకీ, పిల్లలకీ అని రాసి తీసుకుంటే ఆ పాలసీయే ట్రస్టవుతుంది. భర్త అప్పులవాళ్ళు మామూలుగా దాన్ని ముట్టుకోలేరు. కానీ అది పాలసీ తీసుకునేటప్పుడే రాయాలి. ఇంత పాత చట్టం, ఇంత చక్కని సదుపాయం, మనలో ఎంతమందికి తెలుసు?

ఫైల్లో ఏం పెట్టుకున్నానంటే: రిజిస్టరైన దానపత్రం, నాయిన కొన్నప్పటి దస్తావేజు, ఇ.సి., ఇంటిపన్ను రసీదులు, మడిగెల కిరాయి ఒప్పందాలు. పాప పుట్టిన తేదీ పత్రం, ఆధార్, వైకల్య ధ్రువపత్రం, యు.డి.ఐ.డి. కార్డు, బ్యాంకు పుస్తకం. ఇంట్లో అందరి పేర్లూ, వయసులూ రాసిన కాగితం ఒకటి. పాప మీద నెలకయ్యే ఖర్చు ఒక పేజీ. ఇన్నేళ్ళూ ఆ లెక్క నేనెప్పుడూ వెయ్యలేదు. వేశాక తెలిసింది, మందులకంటే ఆటోలకే ఎక్కువవుతోందని!

చివరి పేజీ

రేపే వెళ్ళేది. మరిది బండి తెస్తానన్నాడు. ఆరాంఘర్ మీదుగా పొద్దున్నే బయల్దేరితే పదిన్నరకి చేరతామట. అత్తమ్మ ఇందాక వచ్చి, "ఆ ఫైలు ప్లాస్టిక్ కవర్లో పెట్టు, వానొస్తే తడుస్తది" అని వెళ్ళారు. ఆవిడ కోపం తగ్గిందనుకుంటాను.

ఫైలు కట్టేశాక ఓ అనుమానం వచ్చింది. ఇందులో పాప ఆస్తి ఉంది, పాప లెక్క ఉంది, పాప ఏది? నేను లేని రోజున ఈ ఫైలు తెరిచే మనిషికి మా పాప ఎవరో తెలియాలి కదా. పాపని పక్కన కూర్చోబెట్టుకుని, "నీకేం కావాలి రా?" అని అడిగాను. ఇలా అడగడం ఇదే మొదటిసారని అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది. అది చాలాసేపు ఆలోచించి, "మనిల్లు" అంది. తర్వాత వేలు పైకెత్తి చూపించింది.

అందుకే ఒక పేజీ రాసి అన్నిటికంటే వెనక పెట్టాను. అన్నంలో మిరియాల చారు ఇష్టం. ఉరుము అంటే భయం, అప్పుడు చెయ్యి పట్టుకోవాలి. కొత్తవాళ్ళు గట్టిగా మాట్లాడితే చెవులు మూసుకుంటుంది, కోపం కాదు. పరాయి ఇంట్లో నిద్రపోదు. వీలైనంత కాలం ఈ ఇంట్లోనే ఉంచాలి. సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా డాబా మీద ఉండనివ్వాలి, విమానాలు చూస్తుంది, చెయ్యి ఊపుతుంది, పక్కన ఒకరు నిలబడాలి.

ఇది కూడా దస్తావేజులో రాస్తారా అని రేపు మేడమ్‌ని అడగాలి.